పెద్దాయన చూడని గడి

భాద్రపద బహుళ తదియ

ఈ పూట కూడా పీతలే. గాలి గొట్టంలో దూరి సంసారాలు పెట్టేశాయి. చీపురుపుల్లతో పొడిచి ఒక్కొక్కదాన్నీ బయటికి లాగేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది. వాటిలో పెద్దది నా వేలు పట్టుకుని వదల్లేదు. ఈ స్టేషన్‌కి వచ్చాక నన్ను ఇంత గట్టిగా పట్టుకున్న ప్రాణి అదొక్కటే కనక కాసేపు నేనూ విదిలించుకోలేదు.

పీతలు దూరితే పెద్దాయనకి ఊపిరాడదు. పెద్దాయన అంటే మనిషి కాడు, పటాల సర్వర్. సముద్రం లోపలికి వచ్చి గోదావరి పాయలన్నిటినీ కలగాపులగం చేశాక, లంకల మధ్య పడవలు సరంగుల్లేకుండా వాటంతట అవే తిరుగుతున్నాయి. ఏ పాయ ఎంత లోతు, ఏ లంకకి రేవెక్కడ, ఎక్కడ మనుషులున్నారు, ఎక్కడ ఆగాలి, అన్నీ పెద్దాయన్నే అడుగుతాయి. ఆయన మెట్టమీది కేంద్రంలో ఉన్న పట్టికలు చూసి, పటం గీసి ఇస్తాడు. ఆయన ఒంటిమీద ఉప్పు తుడవడం, ఎండపలకల మీద కొంగల రెట్టలు కడగడం, పీతల్ని ఖాళీ చేయించడం నా ఉద్యోగం. గుళ్ళో దేవుడికి పూజారి ఎలాగో పెద్దాయనకి నేను అలాగ. పూజారికి ప్రసాదమైనా మిగులుతుంది.

దినచర్య తిథులతో రాయాలని నియమం. ఇక్కడ పోటూ పాటూ తిథిని బట్టే నడుస్తాయి. నేనూ అంతే.

సాయంత్రం రేడియోలో ఏసుమణి వచ్చింది. స్టేషన్‌కి లోపలి వైపు, పాయ అవతల కొత్తగా తేలిన ఒండ్రుమట్టి మీద మడ మొక్కలు నాటుతుంది. ఆ లంకకి ఇంకా పేరు పెట్టలేదు, అందరూ కొత్తలంక అంటారు. ఉగాది వెళ్ళాక నాటే కంపెనీ పడవ దాన్ని అక్కడ దించి వెళ్ళింది. అప్పటినుంచీ పొద్దున ఒకసారి, చీకటిపడే ముందు ఒకసారి మాట్లాడుకుంటున్నాం. మా ఇద్దరి రేడియోలూ చిన్నవి, ఒకదానికొకటి మాత్రమే అందుతాయి. మొహం ఎప్పుడూ చూసుకోలేదు. నన్ను వదినా అంటుంది. ఏ అన్న తరఫున వదిననయ్యానో ఇప్పటిదాకా చెప్పలేదు.

"వదినా, ఇయ్యాల కూడా సరుకుల పడవ ఆగలేదు. ఎదురుగుండా ఎల్లిపోయింది. చెయ్యూపేను, తువ్వాలూపేను, తిట్టేను కూడాను."

"తిట్టావని ఆగలేదేమో."

"ముందు ఆగకపోతేనే గదా తిట్టింది!"

కంపెనీ వాళ్ళ సొంత పడవ వానలు ముదిరాక, శ్రావణంలో ఆఖరుసారి వచ్చి మానేసింది. ఇకనుంచి సర్కారు సరుకుల పడవే చూసుకుంటుందని చెప్పారట. ఆ పడవ ఒక్కసారి కూడా ఆగలేదు. దాని దగ్గర బియ్యం అడుగంటాయని నవ్వుతూనే చెప్పింది. నవ్వుతూ చెప్పింది కనకే నాకు భయమేసింది.

నా బియ్యంలో సగం రబ్బరు మూత ఉన్న డబ్బాలో పోసి, పైన ఎర్ర గుడ్డ కట్టి, పోటు మొదలవగానే మెట్ల దగ్గర నీళ్ళలో వదిలాను. పోటు నీరు ఇటునుంచి అటే పోతుంది. చాలాసేపటికి "అందిందొదినా, వల్లో పడింది, ఎంత పెద్ద చేపో" అంది.

షష్ఠి

కేంద్రానికి తీగమీద మాట్లాడాను. పట్టికలు చూసే ఇందుశేఖర్ అనే కుర్ర ఆఫీసరు తీశాడు. మంచివాడే. మంచివాళ్ళకి ఉండే జబ్బు ఒకటి ఆయనకీ ఉంది. తన తెరమీద కనబడితే లోకంలో కూడా ఉన్నట్టే అనుకుంటాడు.

"వీరవేణి గారూ, కొత్తలంక వరస శ్రావణంలోనే ఎక్కించామండి. పేరుంది, హద్దుంది, మనుషులున్నట్టు కూడా ఉంది. నా కళ్ళ ముందే ఉంది."

"మీ కళ్ళ ముందుంటే ఏం లాభమండీ, పడవ కళ్ళ ముందుండాలి గానీ."

"పడవలు మీ సర్వర్నే అడుగుతాయి కదండీ. సర్వరు మా పట్టికనే చూస్తుంది. మధ్యలో తేడా ఎలా వస్తుంది?"

నాకూ తెలియలేదు. పెద్దాయన అబద్ధం చెప్పగా నేను ఎన్నడూ వినలేదు. పటం తీయించి చూస్తే కొత్తలంక చక్కగా ఆకుపచ్చగా ఉంది. హద్దు సరిగ్గా ఉంది. మొన్న వరద కోసుకుపోయిన మూల కూడా కోసినట్టే ఉంది. ఇంత తాజా సమాచారం తెచ్చేవాడు మనిషిని ఎందుకు చూపించడో అర్థం కాక, అన్నం తినకుండా ఆయన ముందే కూర్చున్నాను.

మనుషుల్లేని చోటు కావాలని ఈ ఉద్యోగం అడిగి మరీ తీసుకున్నాను. మా ఆయన పోయాక పలకరించడానికి వచ్చేవాళ్ళంటే విసుగొచ్చింది. అడిగింది దొరికినప్పుడు ఫిర్యాదు చెయ్యడానికి మొహం చెల్లదు. అయినా ఈ మధ్య పొద్దున్నే రేడియో గరగరమనే దాకా పళ్ళు తోముకోబుద్ధి కూడా కావడం లేదు. ఈ ముక్క ఏసుమణికి చెప్పలేదు. చెబితే నెత్తికెక్కుతుంది.

అష్టమి

నీరు మందంగా ఉంది. అష్టమికి పోటు ఎప్పుడూ నీరసమే. పని తక్కువ కనక పెద్దాయన్ని కూర్చోబెట్టి విచారించాను. కొత్తలంక గురించి పడవకి ఏం చెబుతున్నావో అదే నాకూ చెప్పమన్నాను.

పేరు: కొత్తలంక. హద్దు: ఉంది. రేవు: ఉంది. మనుషులు: ఖాళీ.

లేరు అని కాదు, ఉన్నారు అని కాదు, ఖాళీ. పడవలు ఖాళీని లేరు అనే చదువుతాయి. వెంటనే ఇందుశేఖర్‌ని పిలిచాను.

"మీ మనుషుల గడి ఖాళీగా ఉందండి."

"లేదండి, నిండుగా ఉంది. ఓ... ఆగండాగండి. మీరు పాత గడి సంగతి చెబుతున్నారా?"

"గడికి పాతేమిటి, కొత్తేమిటి?"

అప్పుడు బయటపెట్టాడు. పోయిన ఏడు ఉప్పెనకి మనుషుల్ని తెచ్చే పడవ ఒక లంక దగ్గర ఆగి, ఎక్కినవాళ్ళని ఎక్కించుకుని, ఒక ముసలమ్మని వదిలేసి వచ్చేసింది. పట్టికలో మనుషులు ఉన్నారు అని ఉంది తప్ప ఎంతమందో లేదు. అందుకని శ్రావణంలో లంకల పట్టికకి ఒక కొత్త గడి కలిపారు. అందులో అంకె వేస్తారు. అంతమందీ ఎక్కితేగాని పడవ తాడు విప్పదు. పడవలకి కూడా నేర్పేశారు, కొత్త గడి కనబడితే అదే చదవండి, కనబడకపోతే పాతది చదవండి అని. పాత లంకలకి రెండు గళ్ళూ నిండే ఉన్నాయి. కొత్తలంక తరువాత వచ్చింది కనక కొత్త గడి ఒక్కటే నింపారు. ఇంక పాతదానితో పనేముంది అనుకున్నారు.

పాపం పెద్దాయన్ని కూడా తప్పుపట్టలేను. ఆయన పద్ధతే అంత. ఒక పట్టికని మొదటిసారి తెరిచినప్పుడు అందులో ఎన్ని గళ్ళున్నాయి, ఏ గడిలో ఏముంటుంది అని ఒక్కసారి పరకాయించి చూసుకుని మనసులో పెట్టుకుంటాడు. ఆ తరువాత గళ్ళలో రాసింది మాత్రం ఎప్పటికప్పుడు తాజాగా తెస్తాడు, గళ్ళెన్ని అని మళ్ళీ చూడడు. ప్రతిసారీ అది కూడా చూస్తూ కూర్చుంటే పడవలన్నీ వరసలో నిలబడాలి. బంతిలో వడ్డించేవాడిలాంటివాడు. పప్పు, కూర, పులుసు, పెరుగు అని మొదటే చెప్పించుకున్నాడు. మధ్యలో వంటశాలలో కొత్త కూర దిగితే అది గిన్నెలోనే ఉండిపోతుంది, మన విస్తట్లోకి రాదు. పప్పు మాత్రం వేడివేడిగా వస్తూనే ఉంటుంది.

ఆయన చేత మనసులోది మరిపించి, మళ్ళీ కొత్తగా చూడమనడానికి ఒక మీట ఉంది. దాన్ని ఏడాదికి ఒక్కసారే నొక్కుతాం, ఆషాఢ అష్టమినాడు. మరుపు రోజు అంటారు. ఆ రోజు పడవలన్నీ రేవుల్లో కట్టేస్తారు, లంకల్లో ఎవరూ నీళ్ళలో దిగరు, గారెలు వండుకుంటారు. నేనూ వండుకున్నాను, నాలుగు. ఎందుకింత పండగ అంటే, పెద్దాయన మరిచిపోయి మళ్ళీ చూసుకునేదాకా ఏ పడవకీ జవాబు దొరకదు, జవాబు దొరకని పడవ ఎక్కడుంటే అక్కడే లంగరు వేసేస్తుంది. పోటులో నడిపాయలో లంగరేసిన పడవ తిరగబడుతుంది. అందుకే పడవలు నీళ్ళలో ఉండగా మరుపు మీట ముట్టుకోకూడదు. ఈ నియమం చిన్నపిల్లలకి కూడా తెలుసు.

ఈ ఏటి మరుపు రోజు అయిపోయాక గడి కలిపారు. మళ్ళీ ఆషాఢం దాకా ఏసుమణి లేనట్టే. మెట్టమీది వాళ్ళకి మరుపు రోజు లేదు, వాళ్ళ తెరలకి అవసరమూ లేదు. మా వాళ్ళకేమో పట్టికలో గళ్ళు కూడా పుడతాయని తెలియదు.

"పాత గడిలో కూడా ఉన్నారు అని కొట్టెయ్యండి బాబూ, దానికెంత సేపు" అన్నాను.

"నేను కొట్టకూడదండి. అర్జీ పెడతాను. పైన ఒప్పుకుంటే రెండు మూడు రోజుల్లో అయిపోతుంది."

దశమి

బంగాళాఖాతంలో వాయుగుండం. అమావాస్య పోటు, వాయుగుండం రెండూ కలిసి వస్తాయట. భాద్రపద అమావాస్య పోటు మామూలుగానే ఏడాదిలోకెల్లా పెద్దది. ఈసారి ఉప్పెన అని కేంద్రం తేల్చేసింది. నా స్టేషన్ కప్పు మీద నిలువెత్తు నీరు నిలుస్తుందని పటం గీసి పంపారు. గీసింది పెద్దాయనే. ఆయన పెట్టెలోకి చుక్క నీరు చొరదు, అడుగున పడుకుని కూడా పనిచేస్తాడు. నేను అలా తయారవలేదు.

మనుషుల్ని తెచ్చే పడవలు చతుర్దశికి బయలుదేరి, అమావాస్య మధ్యాహ్నం పోటు ముదిరేలోగా అందర్నీ మెట్టకి చేరుస్తాయి.

ఇందుశేఖర్‌ని పిలిచి మొదటి మాటే అడిగాను, అర్జీ ఏమైందని. గొంతు మారింది.

"హెచ్చరిక వచ్చాక పట్టికల్లో ఎవరూ చెయ్యి పెట్టకూడదండి. తాళం పడిపోయింది. ఉప్పెన వెళ్ళేదాకా తెరవరు. పడవలు దారిలో ఉండగా పట్టిక మారితే ప్రమాదమని..."

"చేత్తో నడిపే పడవ ఒకటి పంపండి."

"ఉన్నవన్నీ ఆసుపత్రి దగ్గర పెట్టారండి. అడిగాను. నిజంగా అడిగాను."

"అయితే నేను మరుపు మీట నొక్కుతాను."

"మీరు నొక్కకూడదండి. పడవలు నీళ్ళలో ఉంటాయి. అదీగాక... మీకు ఇంకో సంగతి చెప్పాలి. కొత్త గడిలో మీ స్టేషన్‌కి సున్నా ఉంది."

నాకు అర్థం కాలేదు. మళ్ళీ చెప్పమన్నాను.

"పాత గడిలో ఎవరో ఎప్పుడో ఉన్నారు అని కొట్టారు, అది అలా ఉంది. కొత్త గడికి అంకెలు కావాలి కదండీ. స్టేషన్ల అంకెలు యంత్రాల విభాగం పంపింది. వాళ్ళు మనుషుల్ని లెక్కపెట్టరు. ఇప్పుడున్నట్టే ఉంటే పడవ మీ దగ్గర ఆగుతుంది. మీరు మరిపిస్తే కొత్త గడి కనబడుతుంది, పడవ కొత్తలంకలో ఆగుతుంది, మీ దగ్గర ఆగదు."

"మిగతా లంకల సంగతి?"

"వాటికి రెండు గళ్ళూ సరిగ్గానే ఉన్నాయి. తేడా మీ ఇద్దరికే."

ఇన్నేళ్ళు ఈ పెద్దాయన ఒళ్ళు తుడిచాను. కేంద్రం వాళ్ళకి రోజూ పొద్దున్నే స్టేషన్ బాగుంది అని చెప్పాను. స్టేషన్ బాగుంది అని ఎవరు చెబుతున్నారనుకున్నారో. కోపం వస్తుందనుకున్నాను, ఏడుపొచ్చింది. తీగ పెట్టేసి ఏడ్చాను.

ద్వాదశి

మధ్యేమార్గాలన్నీ ఆలోచించాను. నాకు నీళ్ళు తెచ్చుకునే తాటిదోనె ఉంది, అది ఒక్కరికే. ఇద్దరెక్కితే ఇద్దరం చేపలపాలు. దోనెని పోటులో ఏసుమణి దగ్గరికి వదులుదామంటే, దానికి తెడ్డెయ్యడం రాదు, పాటు నేరుగా సముద్రంలోకి లాగేస్తుంది. దోనెలో నేను కొత్తలంకకి పోయి ఏసుమణితో పాటు పడవెక్కుదామంటే, మరుపు అయ్యేదాకా నేను ఇక్కడే ఉండాలి. పెద్దాయన ఒక్కొక్క పట్టిక రూపమూ తిరిగి చూసి నాకు చూపిస్తాడు, నేను సరే అంటేగాని పడవలకి నోరు విప్పడు. ఆ పనయ్యేసరికి పడవ ఏసుమణి ఒక్కదాన్నీ ఎక్కించుకుని వెళ్ళిపోతుంది.

ఏసుమణికి ఏమీ చెప్పలేదు. పడవ వస్తుందని మాత్రం చెప్పాను.

"నీ దగ్గరికీ వత్తాదా వదినా?"

"నాకు రాకపోతే ఎవరికొస్తుందే. సర్కారు ఉద్యోగిని."

"అయితే మెట్టమీద కలుద్దారి. నిన్ను సూడాల. మడిసి లావా, సన్నవా?"

"లావు."

"అబద్ధం. గొంతు సన్నగా ఉంది."

"నువ్వు?"

"నేను నల్లగా, పొడుగ్గా ఉంటాను. నవ్వితే సిగుళ్ళు కనపడతాయి. అందుకే రేడియో నయం."

ఉన్నన్నాళ్ళూ పాయ దాటి ఒకసారి వెళ్ళి చూడొచ్చు కదా అని ఎప్పుడూ అనుకోలేదా అంటే, అనుకున్నాను. స్టేషన్ వదలకూడదనే నియమం ఒకటి అడ్డం పెట్టుకున్నాను. అసలు సంగతి వేరే. ఎదురుపడితే ఏం మాట్లాడాలో తెలియదు. మొహం చూశాక తనకి నేను నచ్చకపోతే ఆ రెండు పూటల మాటలు కూడా పోతాయని భయం.

మీట నొక్కడానికే నిశ్చయించుకున్నాను. ఆ పిల్ల నా కంటే చిన్నది. అది కాదు కారణం. అది నాటిన మొక్కలు మోకాలెత్తు వచ్చాయట, అదీ కాదు. దాని గొంతు రేడియోలో ఆగిపోయిన తరువాత నేను ఈ స్టేషన్‌లో బతికి ఉండటం ఎలాగో నాకు తోచలేదు. అదే కారణం. త్యాగమని ఎవరైనా అంటే వాళ్ళకి ఒక నమస్కారం.

చతుర్దశి

పడవలు బయలుదేరాయి. పెద్దాయన దగ్గర వాటి ప్రశ్నలు వాన చినుకుల్లా పడుతున్నాయి. నా మెట్ల దగ్గరికి రావలసిన పడవ వరసలో చివరిది, రేపు పొద్దున వస్తుంది. అదే పడవ కొత్తలంక ముందునుంచి వెళుతుంది.

పోటుకీ పాటుకీ మధ్య నీరు కాసేపు అటూ ఇటూ పోకుండా నిలబడుతుంది. అన్నం ఉడికేంతసేపు అనుకోండి. ఆ సమయంలో లంగరేసినా ఏ పడవకీ ఏమీ కాదు. రేపు పొద్దున పాటు అయిపోయి పోటు మొదలవక ముందు ఆ నిలకడ దొరుకుతుంది. పడవలు ఎక్కడున్నా ఆ కాసేపూ మునగవు. మరుపు పూర్తి కావడానికి పట్టేది కూడా దాదాపు అంతే. దాదాపు అన్న మాట రాసి, కొట్టేసి, మళ్ళీ రాశాను.

ఇందుశేఖర్‌కి చెప్పాను. చెప్పకుండా చెయ్యడం నాకు చేతకాదు.

"ఈ మాట నేను వినలేదండి" అన్నాడు. తరువాత తీగ పెట్టెయ్యకుండా అలాగే ఉన్నాడు. "వీరవేణి గారూ, మీరు పైకప్పు మీద తాడు కట్టుకోండి. నీరు తీశాక మొదటి పడవ మీ దగ్గరికే పంపిస్తాను" అన్నాడు. పాపం, అలా జరగదని ఆయనకీ తెలుసు. నా గొంతు వినడానికి ఆయన అలా ఉండిపోయాడని తరువాత అర్థమైంది.

అమావాస్య, పొద్దున

నీరు నిలబడింది. మెట్ల దగ్గర ఒక కొబ్బరి పీచు తేలుతూ కదలకుండా ఉండటం చూసి మీట నొక్కాను.

పెద్దాయన మౌనం ఇంత బరువుగా ఉంటుందని మరుపు రోజున ఎప్పుడూ తెలియలేదు. ఆ రోజు గారెల వాసన ఉంటుంది. దూరాన కనబడుతున్న పడవలు రెండు టక్కున ఆగి లంగరు దించాయి. వాటిలో మనుషులున్నారు. పిల్లలు ఏడుస్తూ ఉంటారు, ఎందుకాగిందని ఒకళ్ళనొకళ్ళు అడుగుతూ ఉంటారు. నా వల్లే ఆగింది.

పాయల పట్టిక వచ్చింది, చూసి సరే అన్నాను. లోతుల పట్టిక, సరే. రేవుల పట్టిక, సరే. పీచు అటూ ఇటూ ఊగడం మొదలుపెట్టింది. లంకల పట్టిక అన్నిటికంటే పెద్దది, అది చివర వచ్చింది. పాత గళ్ళన్నీ ఉన్నాయి, వాటి పక్కన ఇంతకాలం ఆయన కంటికి ఆనని గడి ఒకటి ఉంది. సరే అన్నాను. పడవలు లంగర్లు ఎత్తుకున్నాయి. ఒక్కటీ తిరగబడలేదు.

తరువాత నా స్టేషన్ వరస చూసుకున్నాను. అందులో నేను ఉంటానేమోనన్న ఆశ ఒకటి ఎక్కడో ఉన్నట్టుంది. సున్నా. కొత్తలంక వరస చూశాను.

రెండు.

నా పడవ, అంటే నాది కావలసిన పడవ, దూరంలో తల తిప్పి కొత్తలంక వైపు మళ్ళుతోంది. రేడియో అందుకున్నాను.

"ఏసుమణీ, నీతో ఇంకెవరున్నారే?"

"ఎవరుంటారొదినా? నేనే. వదినా, పడవ వత్తంది! ఇటే వత్తంది!"

"పట్టికలో ఇద్దరని ఉంది. ఇద్దరూ ఎక్కితేగాని ఆ పడవ కదలదు. ఎవరు రాశారిలా?"

గరగర. తరువాత గొంతు చిన్నదైపోయి వచ్చింది.

"నేనే సెప్పేనొదినా. శ్రావణంలో కంపెనీ పడవ ఆఖరుసారి వచ్చినప్పుడు మెట్టాయన రాసుకున్నాడు, మీ లంకలో ఎంతమందున్నారని. ఒక్కదాన్నేనని సెప్పడానికి నోరు రాలేదు. పొద్దున లేత్తే నీ గొంతు, పడుకునే ముందు నీ గొంతు. ఇద్దరవని సెప్పేసేను. అంకేత్తారని నాకేటి తెలుసు?"

నేను దాన్ని తిట్టాను. నా జన్మలో ఎవర్నీ అలా తిట్టలేదు. తిడుతూ ఏడుస్తున్నాను, ఏడుస్తూ నవ్వుతున్నాను, ఏది ఏదో నాకే తెలియలేదు. నన్ను లెక్కపెట్టిన మనిషి ఈ భూమ్మీద ఒకతె ఉంది.

"నీ పడవేదొదినా? నీ మెట్ల దగ్గర పడవ కనపట్టంలేదే."

చెప్పాను. ఇంక దాచడానికి ఏముంది.

"అంటే నన్నెక్కించేసి నువ్వు..." అని ఆగి, అదీ నన్ను తిట్టింది. నేను నేర్చుకోవలసిన మాటలు చాలా ఉన్నాయి. ఆఖర్న అంది, "ఇదిగో, పడవెక్కేను. ఇంకొకరు రావాలి, ఇంకొకరు రావాలి అని మొత్తుకుంటంది ఇది. కదల్దు. నువ్వొత్తే ఇద్దరం, రాకపోతే ఎవరూ లేరు. నీ దోనె ఏం సేత్తంది, గుడ్లు పెడతందా?"

పోటు మొదలైంది. పోటు నీరు ఇటునుంచి అటే పోతుంది.

తీగమీద కేంద్రానికి స్టేషన్ వదులుతున్నానని చెప్పాను. అవతల ఇందుశేఖర్ కాదు, ఇంకెవరో పెద్ద ఆఫీసరు. స్టేషన్‌లోని మనిషి ఏ పరిస్థితుల్లోనూ వదలడానికి వీల్లేదని నియమం చదివాడు.

"స్టేషన్‌లో ఎవరూ లేరుగదండీ, మీ పట్టికే చెబుతోంది" అని పెట్టేశాను.

అమావాస్య, పడవలో

దినచర్య పుస్తకాన్ని మైనపుగుడ్డలో చుట్టి నడుముకి కట్టుకొచ్చాను. తడిసిన చేతులతో రాస్తున్నాను, అక్షరాలు పాకుతున్నాయి.

ఈ పోటులో దోనె నడపలేనేమోనని భయపడ్డాను. నడపవలసిన అవసరం రాలేదు. పోటు నన్ను వీపుమీద వేసుకుని తీసుకుపోయింది. తెడ్డుతో తిన్నగా ఉంచడం ఒక్కటే నా పని. గాలి అప్పటికే ముదిరింది. వెనక్కి తిరిగి ఒకసారి చూశాను, స్టేషన్ ఇనపకాళ్ళ మీద ఒక్కటే నిలబడి ఉంది. లోపల పెద్దాయన పడవలకి దారులు చెబుతూనే ఉంటాడు. మరి చూడలేదు.

కొత్తలంక రేవు దగ్గర నీరు మడమొక్కల నెత్తిన ఎక్కేసింది. పడవ ఆ మొక్కల మధ్య తాడుకి కొట్టుకుంటోంది. తాడు పుటపుటలాడుతోంది. దానిమీద ఒక పిల్ల నిలబడి రెండు చేతులూ చాపి ఉంది. నల్లగా ఉంది. పొడుగ్గా లేదు, అది అబద్ధం. దోనె పడవకి తగిలి తిరగబడింది. నీళ్ళలో పడిన నా జుట్టు దొరకబుచ్చుకుని, తరువాత జబ్బ పట్టుకుని పైకి లాగింది. నొప్పికి అరిచాను. నాలుగేళ్ళ పిల్లని లాగినట్టు ఒళ్ళోకి లాక్కుంది.

"సన్నవే" అంది. "సెప్పేనా."

నవ్వింది. చిగుళ్ళు కనబడ్డాయి.

దాని చెయ్యి నా చేతిమీద ఉంది, నేను విదిలించుకోలేదు, అది వదల్లేదు. లోపలినుంచి పడవ రేకు గొంతు లెక్క చదివింది.

"కొత్తలంక. ఇద్దరు. సరిపోయారు."

తాడు విప్పుకుంది. ఏసుమణి బల్లమీద పక్కకి జరిగింది. కూర్చున్నాను.